ఒకే ల్యాబు, ఒకే పద్ధతి, ఒకే ఫైలు
(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొదుపులు, అప్పులు, స్త్రీనిధి వసూళ్ల లెక్కలు ఇంతకుముందే విన్నారు. మేము చెప్పబోయేది కూడా ఒక లెక్క గురించే. కాకపోతే ఇది రక్తపరీక్ష కాగితం మీద ఉండే లెక్క. ఈ ఏడాది గ్రామ సంఘాల సమావేశాల్లో వైద్య ఖర్చులకు అప్పు అడిగిన దరఖాస్తుల్లో, "సీఏ-125 పెరిగింది, పట్నం పోవాలి" అనే మాట మాకు ఒకటికి నాలుగుసార్లు వినిపించింది. ఆ కాగితం చూసి ఇల్లంతా భయపడిపోయినవాళ్లున్నారు. దాన్నే చూసి నిశ్చింతగా ఉండిపోయినవాళ్లూ ఉన్నారు. అందుకని ఈసారి రక్తహీనత, పోషకాహారం పక్కనపెట్టి దీని గురించే మాట్లాడాలని ఉపసంఘంలో అనుకున్నాం.

ముందు జబ్బు గురించి నాలుగు మాటలు

గర్భసంచికి అటొకటి ఇటొకటి అండాశయాలు ఉంటాయి. వీటినే ఓవరీలంటారు. వాటికి వచ్చే క్యాన్సర్ మన దేశపు ఆడవాళ్లలో రొమ్ము క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తర్వాత మూడో స్థానంలో ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం అంచనా ప్రకారం 2022లో మన దేశంలో సుమారు 47 వేల మందికి ఇది కొత్తగా బయటపడింది.

ఈ జబ్బుతో వచ్చిన చిక్కేమిటంటే తొందరగా బయటపడదు. పొట్ట ఉబ్బరం, నాలుగు ముద్దలు తినేసరికే కడుపు నిండినట్టుండటం, పొత్తికడుపులో నొప్పి, మాటిమాటికీ మూత్రానికి వెళ్లాల్సి రావడం, ఇవీ దాని గుర్తులు. ఇవి ఎవరికి ఉండవు? గ్యాస్ అనుకుంటాం, మెడికల్ షాపులో బిళ్ల తెచ్చి వేసుకుంటాం. అందుకే చాలామందిలో జబ్బు కడుపంతా పాకిన తర్వాతే తెలుస్తుంది. ఈ బాధలు కొత్తగా మొదలై, రెండు మూడు వారాలైనా తగ్గకుండా దాదాపు రోజూ ఉంటే, ముఖ్యంగా 50 ఏళ్లు దాటినవాళ్లు, ఆడవాళ్ల డాక్టరు దగ్గరకు వెళ్లి చూపించుకోవాలి. ఇది మొదటి మాట.

సీఏ-125 అంటే ఏమిటి?

అది రక్తంలో దొరికే ఒక ప్రోటీను. అమెరికాలోని బోస్టన్‌లో రాబర్ట్ బాస్ట్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు 1981లో దీన్ని గుర్తుపట్టే యాంటీబాడీని తయారుచేశారు. చాలా ప్రయత్నాల్లో 125వది పనిచేసింది కాబట్టి ఆ అంకె పేరులో నిలిచిపోయింది. 1983లో వాళ్లు ఆరోగ్యంగా ఉన్న 888 మంది రక్తం పరీక్షిస్తే నూటికి ఒకరికే అది 35 యూనిట్లు దాటింది. అండాశయ క్యాన్సర్ ఉన్న 101 మందిని చూస్తే 83 మందికి దాటింది. మన రిపోర్టుల్లో "35 లోపు మామూలు" అని అచ్చువేసే హద్దు అక్కడి నుంచి వచ్చిందే.

ఇక్కడ రెండు విషయాలు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. 35 దాటితే క్యాన్సర్ అని కాదు. నెలసరి రోజుల్లో, గర్భం తొలి నెలల్లో, గర్భసంచిలో గడ్డలున్నా, ఎండోమెట్రియోసిస్ ఉన్నా, లివరు చెడిపోయినా, గుండె బలహీనమైనా ఇది పెరుగుతుంది. కడుపు టీబీలో అయితే వందల్లోకి పోతుంది, పొట్టలో నీరు కూడా చేరుతుంది. చూడటానికి అచ్చం అండాశయ క్యాన్సర్ లాగే ఉంటుంది. కానీ అది మందులతో నయమయ్యే జబ్బు, ఆ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. కాబట్టి నీరు తీసి గానీ, చిన్న ముక్క తీసి గానీ పరీక్ష చేయకుండా ఈ అంకె ఒక్కటే చూసి జబ్బుకు పేరు పెట్టకూడదు.

రెండోది, 35 లోపు ఉంటే జబ్బు లేదని కూడా కాదు. జబ్బు మొదటి దశలో ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి ఈ అంకె మామూలుగానే ఉంటుంది.

అలాంటప్పుడు ఏ బాధా లేనివాళ్లందరికీ ఏటా ఈ పరీక్ష చేస్తే ముందే పట్టుకోవచ్చు కదా అని మీరు అడగొచ్చు. అదీ చేసి చూశారు. బ్రిటన్‌లో 2 లక్షల 2 వేల మందికి పైగా ఆడవాళ్లతో ఏళ్ల తరబడి పరిశోధన చేసి, 2021లో తుది ఫలితం ప్రకటించారు. పరీక్ష చేయించుకున్నవాళ్లలో ఈ జబ్బుతో చనిపోయేవారి సంఖ్య తగ్గలేదు. అమెరికాలో 78 వేల మందితో చేసిన మరో పరిశోధన ఫలితం 2011లో వచ్చింది. అందులో జబ్బు లేకుండానే ఉందేమోనని తేలినవాళ్లు 3,285 మంది. వాళ్లలో 1,080 మందికి ఆపరేషన్ చేశారు. 163 మంది ఆ ఆపరేషన్ వల్ల పెద్ద ఇబ్బందులు పడ్డారు. లేని జబ్బుకి కత్తి పడిందన్నమాట.

మన దగ్గర గర్భసంచులు ఎంత తొందరగా తీసేస్తున్నారో మనకు తెలియనిది కాదు. అందుకే "పూర్తి బాడీ చెకప్" ప్యాకేజీలో ఈ పరీక్ష కలిపి ఇస్తామంటే, ఏ బాధా లేనప్పుడు అవసరం లేదని చెప్పండి. ఇంట్లో తల్లికో అక్కకో రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ ఉంటే సంగతి వేరు. వాళ్లు డాక్టరుతో విడిగా మాట్లాడాలి.

అసలు ఉపయోగం ఎక్కడ?

జబ్బు నిర్ధారణ అయ్యి, ఆపరేషన్, కీమో జరుగుతున్నవాళ్లకు ఈ పరీక్ష బాగా పనికొస్తుంది. మందు పనిచేస్తోందా లేదా, తగ్గిన జబ్బు మళ్లీ తల ఎత్తుతోందా అని చూడటానికి డాక్టర్లు దీన్ని పదే పదే చేయిస్తారు. అలా చూసేటప్పుడు ఒక్క రిపోర్టు చాలదు. వరసగా పెట్టిన నాలుగైదు రిపోర్టులు కావాలి. ఆ వరస నిజం చెప్పాలంటే అన్నీ ఒకే కొలతతో కొలిచినవై ఉండాలి. మేము ఈరోజు ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే.

మనలో సగం మంది పాలు పోసేవాళ్లమే. ఒకే గేదె, ఒకే పూట పాలు. ఒక కేంద్రంలో పోస్తే వెన్న శాతం ఒకటి వస్తుంది, పక్క ఊరి కేంద్రంలో మిషను ఇంకొకటి చూపిస్తుంది. అంతమాత్రాన గేదె జబ్బు పడిందని అనుకుంటామా? మిషను తేడా అంటాం. రక్తపరీక్ష దగ్గరకు వచ్చేసరికి మాత్రం కాగితం మీద అచ్చయిన అంకెను మనం అలా చూడం.

ఈ పరీక్ష చేసే మిషన్లను, రసాయనాలను అనేక కంపెనీలు తయారుచేస్తాయి. ఒక్కో కంపెనీ యాంటీబాడీ ఆ ప్రోటీనును ఒక్కో రకంగా పట్టుకుంటుంది. షుగరు పరీక్షలకు ఉన్నట్టు దీనికి ప్రపంచమంతా ఒప్పుకున్న ఒకే తూకపు రాయి లేదు. అందుకే ఒకే రోజు, ఒకే చేతి నుంచి తీసిన రక్తాన్ని రెండు ల్యాబులకు పంపితే రెండు అంకెలు రావచ్చు. రెండు ల్యాబులూ మంచివే కావచ్చు, ఎవరూ మోసం చేసి ఉండకపోవచ్చు. అయినా ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి పెరిగిందనో తగ్గిందనో చెప్పకూడదు.

మన సమాఖ్యలోని ఒక సభ్యురాలికి జరిగింది చెబుతాం. పేరు, ఊరు చెప్పం. ఆమెకు కీమో అయిపోయాక మూడుసార్లు పరీక్ష చేస్తే 14, 16, 15 వచ్చాయి. నాలుగోసారి కూతురి ఊళ్లో ఉండి అక్కడి ల్యాబులో ఇస్తే 27 వచ్చింది. హద్దులోపే ఉంది, కానీ ఇంటివాళ్లకు దాదాపు రెండింతలైనట్టు కనిపించింది. జబ్బు తిరగబెట్టిందని ఏడుపులు మొదలయ్యాయి. పెద్ద స్కానింగుకని నూటికి మూడు రూపాయల వడ్డీకి బయట అప్పు మాట్లాడుకున్నారు. ఆ సంగతి వీఓఏ ద్వారా మాకు తెలిసి, ముందు మీ డాక్టరుకు రెండు కాగితాలూ చూపించండి అన్నాం. ఆయన పాత ల్యాబులోనే మళ్లీ ఇమ్మన్నారు. 16 వచ్చింది. ఆ అప్పు అవసరమే రాలేదు. కానీ ఆ పది రోజులూ ఆ ఇంట్లో ఎవరూ కడుపునిండా తినలేదు, నిద్రపోలేదు.

దీనికి రెండో వైపు ఇంకా ప్రమాదం. జబ్బు నిజంగానే పెరుగుతూ ఉండొచ్చు. అదే సమయంలో మనిషి తక్కువ అంకె చూపించే ల్యాబుకు మారిపోతే కాగితం మీద పెరుగుదల కనబడదు. "బాగానే ఉంది" అనుకుంటూ నెలలు గడిచిపోతాయి. వంద రూపాయలు తక్కువని ల్యాబు మార్చడంలో ఉన్న నష్టం ఇదే.

అంకె మారడానికి ఇంకా ఏ కారణాలుంటాయి?

కడుపు ఆపరేషన్ అయిన తర్వాత కొన్ని వారాలు ఈ అంకె ఎక్కువగానే ఉండొచ్చు. పొట్టలో, ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరినా, ఏదైనా ఇన్ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది. ఏ తేడా లేకుండా ఆరోగ్యంగా ఉన్న మనిషిలో కూడా ఈసారికీ ఆసారికీ కొంత అటూ ఇటూ అవుతుంది. 14 నుంచి 16 అయిందని, 16 నుంచి 13 అయిందని ఏడవడానికీ నవ్వడానికీ ఏమీ లేదు.

ఇంకోటి, జుట్టు మాత్రలు. కీమో తర్వాత జుట్టు రావాలని చాలామంది బయోటిన్ బిళ్లలు వాడుతున్నారు. ఎక్కువ మోతాదు బయోటిన్ కొన్ని మిషన్లను తప్పుదారి పట్టిస్తుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2017లోనే హెచ్చరించింది. సీఏ-125 లాంటి పరీక్షల్లో ఉన్నదానికంటే తక్కువ చూపించే అవకాశం ఉంటుంది. కాబట్టి రక్తం ఇచ్చే ముందు ఏ బిళ్లలు వాడుతున్నారో డాక్టరుకు, ల్యాబువాళ్లకు చెప్పాలి. ఎన్ని రోజుల ముందు ఆపాలో వాళ్లు చెబుతారు.

ల్యాబు మంచిదో కాదో ఎలా తెలుసుకోవాలి?

మన పుస్తకాలు ఎలా సరిచూస్తారు? ప్రతి నెలా లోపల సరిచూసుకుంటాం, ఏడాదికి ఒకసారి బయటి ఆడిటరు వచ్చి చూస్తాడు. ల్యాబుకూ అంతే. అంకె ముందే తెలిసిన శాంపిలును రోజూ మిషనులో పెట్టి సరిగ్గా వస్తోందో లేదో చూసుకోవాలి. దాన్ని లోపలి తనిఖీ అంటారు. బయటి నుంచి వచ్చే శాంపిలును పరీక్షించి ఫలితం పంపితే, అందరి ఫలితాలతో పోల్చి చెప్పే ఏర్పాటు కూడా ఉంటుంది. మన దేశంలో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఇలాంటి బయటి తనిఖీ ఎన్నో ఏళ్లుగా నడుపుతోంది. ఇవన్నీ పాటించే ల్యాబులకు ఎన్‌ఏబీఎల్ అనే జాతీయ సంస్థ ఐఎస్ఓ 15189 ప్రమాణం ప్రకారం గుర్తింపు ఇస్తుంది. ఆ గుర్తు రిపోర్టు మీద ఉంటుంది. అది ఈ పరీక్షకు కూడా వర్తిస్తుందా అని అడగడం మన హక్కు.

మన మండల కేంద్రాల్లో ఉన్న చాలా బోర్డులు నిజానికి కలెక్షన్ సెంటర్లు. రక్తం ఇక్కడ తీసుకుంటారు, పరీక్ష పట్నంలో ఎక్కడో జరుగుతుంది. బోర్డు ఒకటే అయినా ఈసారి ఒకచోటికి, వచ్చేసారి ఇంకోచోటికి పంపొచ్చు. అందుకే "పరీక్ష ఎక్కడ చేస్తారు? ఏ మిషను మీద చేస్తారు?" అని అడగాలి. రిపోర్టులో పరీక్ష పేరు దగ్గరే "మెథడ్" అని ఒక చిన్న వరస ఉంటుంది. సీఎల్ఐఏ, ఈసీఎల్ఐఏ, సీఎంఐఏ అని ఏదో ఒకటి రాసి ఉంటుంది. అవేమిటో అర్థం కాకపోయినా పర్లేదు. పోయినసారి కాగితంలో ఉన్నదీ, ఈసారి ఉన్నదీ ఒకటేనా అని అక్షరాలు పోల్చి చూసుకుంటే చాలు. అవి ఒకటే అయినా కంపెనీ మిషను మారి ఉండొచ్చు కాబట్టి నోటితో కూడా అడగాలి. ఇంగ్లీషు చదవలేనివాళ్లు ఇంటర్ చదివే పిల్లలతో చూపించుకోవచ్చు.

ఒకవేళ ల్యాబు మార్చక తప్పకపోతే, లేదా అదే ల్యాబు కొత్త మిషను పెడితే ఏం చేయాలి? వీలుంటే ఒకసారి రెండుచోట్లా చేయించి, ఆ రెండు అంకెలూ డాక్టరు ముందు పెట్టాలి. అక్కడి నుంచి కొత్త వరస మొదలైనట్టు లెక్క. పాత పుస్తకం మూసి, నిల్వ తేల్చి, కొత్త పుస్తకం తెరిచినట్టే. హెచ్‌ఈ4 అని ఇంకో పరీక్ష కొందరికి రాస్తున్నారు. దానికీ ఇదే నియమం.

పెరిగితే ఏమిటి?

ఎంత పెరిగితే పెరిగినట్టు అనేదానికి డాక్టర్లకు అంతర్జాతీయంగా ఒప్పుకున్న కొలమానం ఉంది. చికిత్సతో అంకె మామూలుకు వచ్చినవాళ్లలో అది పైహద్దుకు రెండింతలు దాటాలి, అంటే 35 హద్దు ఉన్నచోట 70. అది కూడా కనీసం వారం తేడాతో రెండుసార్లు రావాలి. మందు పనిచేస్తోందని చెప్పాలంటే సగానికి సగం తగ్గి, కనీసం 28 రోజులు అలాగే నిలవాలి. మొదటి నుంచి చివరి దాకా ఒకే పద్ధతితో పరీక్షించాలన్నది కూడా ఆ నిబంధనల్లో ఉంది.

నిజంగానే పెరిగింది అనుకుందాం. రాత్రికి రాత్రి బంగారం తాకట్టు పెట్టి పరుగెత్తాలా? 2010లో వచ్చిన ఒక పెద్ద పరిశోధన సంగతి వినండి. జబ్బు తగ్గాక మళ్లీ అంకె పెరిగిన 529 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు అంకె పెరగగానే కీమో మొదలుపెట్టారు. రెండో గుంపుకు బాధలు కనిపించిన తర్వాతే ఇచ్చారు. రెండు గుంపులూ బతికిన కాలంలో తేడా రాలేదు. అంటే అంకెతో పాటు మనిషి ఎలా ఉంది, స్కానింగులో ఏముంది అని డాక్టరు చూసి, ఆలోచించి నిర్ణయించేంత సమయం ఉంటుంది. అయితే పొట్ట ఉబ్బినా, నొప్పి వచ్చినా, తిండి సహించకపోయినా, అంకె మామూలుగా ఉన్నా సరే, వచ్చే తేదీ దాకా ఆగొద్దు. వెంటనే వెళ్లాలి.

ఇంకొక పరీక్ష గురించి క్లుప్తంగా చెబుతాం. ఈ జబ్బు వచ్చిన వందమందిలో సుమారు 15 మందికి అది బీఆర్‌సీఏ అనే జన్యువులో పుట్టుకతో ఉన్న లోపం వల్ల వస్తుంది. ఆ లోపం ఉందని తెలిస్తే వాడాల్సిన మందులు మారొచ్చు, అక్కచెల్లెళ్లు, పిల్లలు కూడా జాగ్రత్తపడొచ్చు. ఈ రక్తపరీక్ష జీవితంలో ఒకసారి సరిగ్గా చేస్తే చాలు. కొన్ని పరీక్షలకు ఆపరేషన్‌లో తీసిన ముక్కే కావాలి. దాన్ని మైనపు దిమ్మలో భద్రపరుస్తారు, బ్లాక్ అంటారు. ఆస్పత్రి మారేటప్పుడు ఆ బ్లాక్ ఎక్కడుందో కనుక్కొని, రసీదు దగ్గర పెట్టుకోండి.

సభ ముందు మా ప్రతిపాదనలు

ఒకటి. చికిత్స పొందుతున్న ప్రతి సభ్యురాలికి గ్రామ సంఘం నుంచి ఒక ఫైలు ఇద్దాం. అందులో మొదటి పేజీలో తేదీ, ల్యాబు పేరు, మెథడ్, అంకె, ఆ రోజు వాడుతున్న మందులు, ఈ ఐదు గళ్లు ఉంటాయి. అసలు రిపోర్టులు వెనక వరసగా పెట్టాలి. డాక్టరు దగ్గరకు ఫైలు మొత్తం తీసుకెళ్లాలి.

రెండు. వైద్యానికి అప్పు ఇచ్చేటప్పుడు అదే ల్యాబుకు వెళ్లిరావడానికయ్యే బస్సు చార్జీలు, ఒక తోడు మనిషి ఖర్చు కూడా అందులో కలపాలి. ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో జరిగినా, తర్వాత చేయించే పరీక్షలకు, దారి ఖర్చులకు మనవాళ్లు చేతి డబ్బే పెడుతున్నారు. దూరమనే కారణంతోనే దగ్గర ల్యాబుకు మారిపోతున్నారు.

మూడు. ఎవరి అంకె ఎంత అన్నది సమావేశంలో పైకి చదవొద్దు, మినిట్స్‌లో రాయొద్దు. "వైద్య ఖర్చులు" అని రాస్తే చాలు. క్యాన్సర్ అంటుకునే జబ్బు కాదు. ఆ మనిషి పక్కన కూర్చోవచ్చు, ఆమె చేతి నీళ్లు తాగొచ్చు.

నాలుగు. రిపోర్టు చూసి భయపడి బయట వడ్డీకి అప్పు తెచ్చేముందు ఒక్కరోజు ఆగి వీఓఏకు గానీ, మాకు గానీ చెప్పండి. మేము డాక్టర్లం కాదు, అంకె చూసి ఏమీ చెప్పం. కానీ పాత కాగితం, కొత్త కాగితం ఒకే ల్యాబువా కాదా చూసి, ఫైలు సర్ది, మీతో పాటు ఆస్పత్రికి మనిషిని పంపగలం.

ఈ నాలుగింటినీ తీర్మానాలుగా ఆమోదించాలని సభను కోరుతున్నాం. ఈరోజు ఇంటికి వెళ్లాక మీ సంఘంలో చికిత్స పొందుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల కాగితాలన్నీ ఒకచోట చేర్చమని చెప్పండి. చీటీలు బియ్యం డబ్బాలో ఒకటి, బీరువాలో ఒకటి ఉంటే డాక్టరుకు వరస దొరకదు.